మూడో వాసన

రంగు మేస్త్రి మూడో వాసన చూసేటప్పుడు షెడ్డులో ఎవరూ మాట్లాడరు. ఫిట్టరు చేతిలోని స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టేస్తాడు. కంప్రెసరు ఆగిపోతుంది. ఓనరు ఫోనులో ఉంటే గుమ్మం బయటికి నడుస్తాడు. గోడమీద రాసిపెట్టిన నియమమేమీ కాదు. ఇరవై రెండేళ్ళుగా అలా జరుగుతోంది, అంతే.

కార్బొరేటరు చూడ్డానికి అరచేతిలో ఇమిడే లోహపు ముద్ద. లోపల మాత్రం చీమలపుట్ట. పెట్రోలు వచ్చే దారి, గాలి వచ్చే దారి, ఆ రెండూ కలిసి ఇంజనులోకి పోయే దారి, ఎటూ పోకుండా మధ్యలో ఆగిపోయే గుడ్డిదారి. పాతదానికి రంగు వెయ్యాలంటే ముందు విప్పాలి, కడగాలి, ఆరబెట్టాలి, సన్నటి గరుకు కాగితంతో పైన రుద్దాలి. తర్వాత రంగు లోపలికి పోకుండా ప్రతి రంధ్రంలోనూ చెక్కపుల్ల బిగించాలి. ఆపైన మూడు పొరల రంగు, ముప్పావుగంట ఓవెన్ వేడి. అలా కాలిన రంగు పెట్రోలు గుడ్డతో ఎంత రుద్దినా ఊడదు. ఐతే పుల్లలు బిగించాక లోపల పెట్రోలు చుక్క మిగిలిందా, అది వేడికి ఊరుకోదు. రంగు బొబ్బలెక్కుతుంది. ఖర్మ కాలితే ఇంకా పెద్దదే జరుగుతుంది. అందుకే మూడు వాసనలు. కడిగాక ఒకటి, ఆరాక ఒకటి, పుల్లలు బిగించే ముందు ఒకటి. మొదటి రెండూ కడిగే మనిషి చూడాలి. మూడోది మేస్త్రిది.

ఆయన కార్బొరేటరుని రెండు చేతుల్లోకి తీసుకుంటాడు. కళ్ళు మూసుకుని ముక్కు దగ్గరికి తెచ్చి మూడు వైపులా తిప్పుతాడు. తర్వాత "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వినడానికే కొందరు నిలబడి మరీ వెళ్తారు. కొత్తవాళ్ళెవరైనా వస్తే ఓనరు, "మా మిషన్లు కాదు సార్, మా మేస్త్రి ముక్కు చూడండి" అంటాడు.

ఆ పూట బల్లమీద పన్నెండు ఉన్నాయి, పడవ ఇంజన్లవి. నలభై పడవలవాళ్ళు కలిసి పంపించినవాటిలో మొదటి వాయి. ఉప్పుగాలికి లోహం తెల్లగా పొక్కిపోయి, గోటితో గీస్తే పిండి రాలుతోంది. పది రోజుల్లో కావాలన్నారు. మేస్త్రి ఒక్కోటీ ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. తిప్పాడు. "ఊఁ" అన్నాడు.

పన్నెండింటిలో ఒక్కదానికీ ఏ వాసనా లేదు. సంతోషించాల్సిన సంగతే. కానీ రెండు నెలల కిందట జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ మేస్త్రికి దేని నుంచీ ఏ వాసనా రావడం లేదు. పెట్రోలుకి లేదు, థిన్నరుకి లేదు, సబ్బుకి లేదు. ఈ సంగతి తనకీ దేవుడికీ తప్ప మూడోవాళ్ళకి తెలియదనుకున్నాడు. దేవుడు ఎవరికీ చెప్పడు గనక తనూ చెప్పలేదు.

"ముక్కున్నంత కాలం పడిశం తప్పదంటారు. నీ ముక్కు జోలికి పడిశం కూడా రాదు మేస్త్రీ, భయం" అన్నాడు ఫిట్టరు. మాటకో సామెత తగిలించందే వాడికి నోరు ఊరుకోదు.

"పని చూడు" అన్నాడు మేస్త్రి.

తొట్టి దగ్గర కడుగుతున్న ఆవిడ తలెత్తి ఒక్కసారి మేస్త్రి వైపు చూసి మళ్ళీ తల దించుకుంది. పనిలో చేరి ఎనిమిది నెలలు. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. చేతులెప్పుడూ నురగలోనే ఉంటాయని ఫిట్టరు ఆవిడకి సబ్బువదినని పేరు పెట్టాడు. అసలు పేరు అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

బస్సులో మేస్త్రి వెనక సీటు మూలకి పోయి కూర్చుంటాడు. ముందు ఎన్ని ఖాళీలున్నా అక్కడికే. తన ఒంటి మీద ఏం వాసన ఉందో తనకి తెలియదు. థిన్నరు కొడుతోందో, చెమట కొడుతోందో. ఒకరోజు పక్కన కూర్చున్నాయన ముఖం అటు తిప్పుకున్నాడు. బయట ఏదో చూడ్డానికి తిప్పుకున్నాడో, తన వల్లే తిప్పుకున్నాడో తేల్చుకోలేక దిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, తను ఊపిరి బిగబడితే ఎదుటివాడికి వాసన తగ్గుతుందన్నట్టు. ఆనాటి నుంచీ ఎవరి పక్కనా కూర్చోలేదు. రోజుకి రెండుసార్లు స్నానం. ఉతికిన చొక్కానే మళ్ళీ ఉతకడం. అనుమానం మనిషిని ఎంత శుభ్రంగా ఉంచుతుందో, అంత ఒంటరిగానూ ఉంచుతుంది.

మేడమీద ఒక్క గది. భార్య పోయాక వంట తనే నేర్చుకున్నాడు. ఈ రెండు నెలలుగా అదీ నామమాత్రమే. నాలిక్కి ఉప్పు తెలుస్తుంది, కారం తెలుస్తుంది. కూర తెలియదు. వంకాయా బంగాళాదుంపా అన్నది కళ్ళతో చూసి తెలుసుకోవాల్సిందే.

ఆ సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని దేవుడి ముందు దీపం వెలిగించాడు. అగరుబత్తి ముట్టించాడు. పొగ సన్నగా లేచి పటం ముందు మెలికలు తిరిగింది. పొగ కనిపిస్తోంది, పరిమళం లేదు. తనకే అందనిదాన్ని "అందుకో స్వామీ" అనడం ఇవ్వడమవుతుందా, అబద్ధమాడటమవుతుందా అని మేస్త్రికి సందేహం వచ్చింది. చదువుకున్నవాళ్ళనెవరినైనా అడగాల్సిన ప్రశ్నే. అడిగితే కారణం చెప్పాల్సి వస్తుంది. ఇంకో అగరుబత్తి ముట్టించాడు.

తలుపు దబదబా మోగింది.

"తమ్ముడూ! ఓ తమ్ముడూ! ఉన్నావా, పోయావా?"

కింద వాటాలో ఉండే ఇంటావిడ. తలుపు తీయగానే ఆయన్ని పక్కకి నెట్టుకుంటూ లోపలికొచ్చి పొయ్యి కట్టేసింది. గిన్నె అడుగు బొగ్గులా ఉంది. గదినిండా పొగ. అది అగరుబత్తి పొగేననుకున్నాడు మేస్త్రి.

"వరండాలో కూర్చున్న నాకు మాడు వాసన కొడితే, పొయ్యి పక్కనున్న నీకు తెలియలేదా?"

"దేవుడి దగ్గరున్నానక్కా. ధ్యాసలో పడి..."

"ధ్యాసలో ఉన్నవాళ్ళకి చెవులు మూసుకుపోతాయని విన్నాను గానీ ముక్కు కూడా మూసుకుపోతుందని ఇప్పుడే వింటున్నా. జాగ్రత్త నాయనా. నీ భక్తికి నా కొంప అంటుకుంటుంది."

ఆవిడ గిన్నె తీసుకుని గొణుక్కుంటూ మెట్లు దిగింది. మేస్త్రి పటం వైపు తిరిగాడు. దాచుకున్నది చాలక, దాచడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నందుకు సిగ్గేసింది.

మర్నాడు పది గంటలకి రెండో వాయి. ఓవెన్ పళ్ళెంలో పన్నెండు పడతాయి. మేస్త్రి లెక్క చూసుకుంటే బల్లమీద పదకొండే ఉన్నాయి. సబ్బువదిన వెనక వీధి కుళాయి వరసలో నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళింది, వస్తే గంటకి. బల్లకి ఎడమ చివర, మడత గుడ్డ మీద, బోర్లించిన కార్బొరేటరు ఒకటి కనిపించింది.

ఎడమ చివర పెట్టింది మళ్ళీ తొట్టికి పోవాలి. ఈ ఆచారం పెట్టింది మేస్త్రే. కానీ ముక్క తళతళలాడుతోంది, తడి లేదు. ఇలాంటివి ఆయన గతంలో చాలాసార్లు తీసుకున్నాడు. "ఇది బాగానే ఉంది, ఊరికే భయపడ్డావు" అని కడిగేవాళ్ళతో అనేవాడు. అన్నప్రతిసారీ ఆయన మాటే నిజమయ్యేది. ఆ ముక్కు పోయింది గానీ, ఆ అలవాటు పోలేదు. ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. ఫిట్టరు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఊఁ."

పుల్లలు బిగించాడు. రంగు చిమ్మే గన్నుతో మొదటి పొర సన్నగా, మంచు పట్టినట్టు పట్టించాడు. పది నిమిషాలు ఆగి రెండోది, అడ్డంగా. మళ్ళీ ఆగి మూడోది, నిలువుగా. చెయ్యి మాత్రం ఇరవై రెండేళ్ళ చెయ్యే, ఎక్కడా చారికగానీ బొట్టుగానీ లేదు. పళ్ళెం ఓవెన్లో పెట్టి తలుపు వేశాడు.

పావుగంట గడిచిందో లేదో, లోపల టప్పుమని పుల్ల ఎగిరి తగిలిన చప్పుడు. ఆ వెంటనే గుప్పుమంది. ఓవెన్ తలుపు ఊడొచ్చినంత పని చేసి గోడకి కొట్టుకుంది. నీలం మంట నాలుకలా బయటికొచ్చి, ఆ దారిన పోతున్న ఫిట్టరు ముఖాన్ని పలకరించి వెనక్కి పోయింది. ఎవరో కరెంటు తీసేశారు. పొగ తగ్గాక చూస్తే పన్నెండూ మసిముద్దలు. ఫిట్టరుకి ఎడమ కనుబొమ్మ లేదు.

"ఉందా?" అని తడుముకుంటూ అందరినీ అడిగాడు వాడు. "పోయిందా? సగమైనా ఉందా?"

ఓనరు గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఓవెన్ని చూశాడు, మసిముద్దల్ని చూశాడు, నీళ్ళ బిందెతో లోపలికొస్తున్న సబ్బువదినని చూశాడు.

"ఏమ్మా, కడిగే లక్షణం ఇదేనా? మనుషులు చచ్చేవాళ్ళు!"

ఆవిడ బిందె దించి పళ్ళెం వైపు చూసింది. తర్వాత బల్ల ఎడమ చివరకి చూసింది. మడత గుడ్డ ఒక్కటే ఉంది.

"ఇక్కడ ఒకటి పెట్టాను. దాని గుడ్డిదారిలో పెట్రోలు ఉండిపోయింది. మళ్ళీ కడుగుదామని బోర్లించాను. అది ఏది?"

ఓనరు మేస్త్రి వైపు తిరిగాడు.

"మేస్త్రీ" అన్నాడు ఓనరు, "నువ్వు పన్నెండూ వాసన చూశావా?"

"చూశాను."

"పెట్రోలు తెలిసిందా?"

"తెలియలేదు."

అన్న రెండు మాటలూ నిజమే. నిజాలు రెండు కలిస్తే అబద్ధం పుడుతుందని మేస్త్రికి ఆ క్షణాన తెలిసింది. ఇంకో మాట కోసం నోరు తెరిచాడు. దొంగకి తేలు కుట్టినట్టు నోరు తెరుచుకునే ఉంది, మాట రాలేదు.

"విన్నావుగా" అన్నాడు ఓనరు ఆవిడతో. "మేస్త్రి చూసినప్పుడు లేని పెట్రోలు తర్వాత ఎలా వచ్చింది? ఆయన అటు తిరగ్గానే సరిగ్గా కడగంది ఒకటి వాటిలో దూర్చావు. పని తొందరగా అయిపోవాలి, అంతేగా? రేపటి నుంచి రావద్దు."

సబ్బువదిన ఓనరు వైపు చూడలేదు. మేస్త్రి నోటి వైపే చూస్తూ నిలబడింది, అందులోంచి ఏదో రావాల్సి ఉన్నట్టు. కాసేపు చూసి, నడుముకి కట్టుకున్న గోనెగుడ్డ విప్పి మేకుకి తగిలించింది. తొట్టిలో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు తొట్టి దగ్గర ఓనరు బావమరిది కూర్చున్నాడు. చెవుల్లో పాటలు పెట్టుకుని, ఒక్కో కార్బొరేటరునీ నీళ్ళలో ముంచి తీసి, "అయింది" అంటున్నాడు. మేస్త్రి ముందుకి ముక్కలు వచ్చాయి. ఎత్తాడు, కళ్ళు మూసుకున్నాడు, తిప్పాడు. షెడ్డంతా మౌనంగా ఎదురుచూస్తోంది. ఆయనకి "ఊఁ" రాలేదు.

అన్నీ వెనక్కి తీసుకెళ్ళి తనే మళ్ళీ కడిగాడు. వేడినీళ్ళలో మరిగించాడు. ప్రతి దారిలోనూ సన్నటి తీగ దూర్చాడు, గాలి కొట్టాడు, ఎండలో పెట్టాడు. సాయంత్రానికి నాలుగంటే నాలుగు తేలాయి. ఓవెన్లో పెట్టాక ముప్పావుగంటా దాని ఎదురుగానే నిలబడ్డాడు. ఏమైనా అయితే ముందు తనకే కావాలని.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అన్నాడు ఫిట్టరు, లేని కనుబొమ్మ మీద మందు రాసుకుంటూ. "పాపం సబ్బువదిన. దూకుడు మనిషి కాదే, అలా ఎందుకు చేసిందో."

"ఇల్లెక్కడ?"

"ఎవరిది?"

"ఆవిడదే."

"వంతెన దిగాక ఇటుకల అడితీ వెనక. నీకెందుకు?"

మేస్త్రి చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

ఆయన వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. ఇరుకు మెట్ల పక్కన తీగ మీద ఆవిడ బట్టలు ఆరేస్తోంది. లోపల ఎవరో పెద్దాయన దగ్గుతున్నాడు. మేస్త్రిని చూసి ఆవిడ రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు. దుప్పటి దులిపి తీగ మీద వేసింది. దుప్పటికి అటు ఆవిడ, ఇటు ఈయన.

"ఎడమ చివరున్న ముక్క తీసింది నేనే" అన్నాడు.

"తెలుసు."

"నాకు వాసన తెలియడం లేదమ్మాయ్. జ్వరం వచ్చినప్పటి నుంచీ."

"అదీ తెలుసు."

మేస్త్రి దుప్పటి అంచు పక్కకి జరిపాడు. "ఎప్పటి నుంచి?"

"మీరు అన్నం తింటుంటే గిన్నె పక్కనే థిన్నరు డబ్బా ఒలికింది చూడండి, ఆ రోజు నుంచి. అంత దూరాన ఉన్న ఫిట్టరు కూడా ముక్కు మూసుకున్నాడు. మీరు ముద్ద ఆపలేదు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఏమవుతుంది? మీరు పోతారు. ఆ గన్ను బావమరిది చేతికి పోతుంది. వాడికి రంగు వెయ్యడమంటే గోడకి సున్నం కొట్టడమే. నాలుగు నెలల్లో షెడ్డుకి తాళం, నాకు పని లేదు. మీమీద జాలి అనుకోకండి." దుప్పటి అంచు లాగి సరిచేసింది. "అందుకని రెండు వాసనలతో ఆగకుండా మూడోది కూడా నేనే చూసి, తేడాగా ఉన్నవాటిని ఎడమ చివర పెట్టేసి, మంచివే మీ ముందు పెట్టేదాన్ని. మీరు ఊఁ అనేవాళ్ళు."

రెండు నెలల "ఊఁ"లన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి మేస్త్రికి. షెడ్డంతా చేతులు కట్టుకుని విన్న ఊఁలు. అందులో ఒక్కటీ తనది కాదు. తనదైంది ఒక్కటే, అది ఓవెన్ తలుపు ఊడగొట్టింది.

"నిన్న ఓనరు అడిగినప్పుడు చెప్పెయ్యాల్సింది."

"నేను చెబితే అది ఎనిమిది నెలల మాట. మీరు చెబితే ఇరవై రెండేళ్ళ మాట. మీరే చెబుతారని నిలబడి చూశాను." ఆవిడ ఖాళీ బకెట్టు ఎత్తుకుంది. "ఇంత దూరం వచ్చి నాకు చెప్పడం సులువేలెండి మేస్త్రిగారూ. నాకు ముందే తెలుసుగా."

లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు. ఆ తెరిచిన తలుపు ముందు నిలబడటానికి మేస్త్రికి మొహం చెల్లలేదు.

ఇంటికి నడిచే వెళ్ళాడు. దేవుడి ముందు దీపం పెట్టి, ఆ రోజు ఏమీ అడగలేదు. అడగాల్సింది దేవుణ్ణి కాదని తెలిశాక దణ్ణం పెట్టడం తేలికైంది.

"ఆవిడమీద జాలిపడి అంటున్నావు" అన్నాడు ఓనరు నవ్వుతూ. మర్నాడు పొద్దున్నే మేస్త్రి చెప్పిందంతా విని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. "నీ ముక్కు పోవడమేంటి? సూర్యుడు పడమట పొడుస్తాడంటే నమ్ముతాను."

"ఐతే చూసుకోండి."

మేస్త్రి స్టూలు లాక్కుని షెడ్డు మధ్యలో కూర్చున్నాడు. భుజాన ఉన్న తువ్వాలు తీసి తన కళ్ళకి తనే కట్టుకున్నాడు. ఓనరు నవ్వు ఆగింది. కాసేపు గ్లాసుల చప్పుడు, ద్రవం ఒంపిన చప్పుడు. బావమరిది పాటలు ఆపేశాడు. ఫిట్టరు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఇదేంటి?" ఓనరు గొంతు దగ్గరగా వినిపించింది.

మేస్త్రి నిండా పీల్చాడు. ముక్కు చివర చల్లగా తగిలింది, అంతే. "నీళ్ళు."

ముక్కు ముందు గ్లాసు మారింది.

"ఇది?"

ముఖానికి వెచ్చగా ఆవిరి తగిలింది. ఏమిటో తెలియలేదు. "కిరోసినా? వేడి చేశారా?"

ఫిట్టరు కిసుక్కుమని నవ్వి, నవ్వుని మధ్యలో మింగేశాడు.

"కట్టు విప్పు" అన్నాడు ఓనరు. ఆయన ఒక చేతిలో గ్లాసు నిండా పెట్రోలుంది. రెండో చేతిలో తను తాగుతున్న టీ.

ఫిట్టరు సామెత చెబుతాడేమోనని అందరూ వాడి వైపు చూశారు. వాడు తల వంచుకుని బల్లమీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

ఓనరు గ్లాసులు రెండూ కింద పెట్టి తలుపు దగ్గరగా వేశాడు. "సరే. ఈ సంగతి ఈ నాలుగు గోడలు దాటకూడదు. నువ్వెప్పటిలాగే ముక్కు దగ్గర పెట్టుకో, ఊఁ అను. అసలు వాసన మా వాడు చూస్తాడు. వచ్చేవాళ్ళకి నీ ముక్కే నమ్మకం మేస్త్రీ."

"ఇంక నేను ఊఁ అనను."

"మరేం చేస్తావు?"

"ఆవిణ్ణి పిలిపించండి. మూడో వాసన ఆవిడ చూస్తుంది. రంగు కూడా ఆవిడే వేస్తుంది."

"గన్ను పట్టుకుంటుందా ఆవిడ? ఎన్నడైనా ముట్టుకుందా?"

"నా చెయ్యి బాగానే ఉంది. చెయ్యి నేర్పగలను. ముక్కు నేర్పడం నావల్ల కాదు, అది ఆవిడకి ఉంది. రెండు నెలలుగా ఈ షెడ్డుకి ఉన్నది అదొక్కటే."

"మరి నువ్వు?"

"తొట్టి ఉందిగా."

ఓనరు సొట్టపోయిన ఓవెన్ తలుపు వైపు చూశాడు. మూలన గుట్టగా పడున్న పడవల కార్బొరేటర్ల వైపు చూశాడు. చెవుల్లో మళ్ళీ పాటలు పెట్టుకుంటున్న బావమరిది వైపు ఇంకొంచెం ఎక్కువసేపు చూశాడు.

"పిలిచి చూడు. వస్తుందేమో."

"నేను పిలిస్తే రాదు. పొమ్మన్నది మీరు. మీరే వెళ్ళాలి."

"నేనా?" అన్నాడు ఓనరు.

మేస్త్రి అప్పటికే గోనెగుడ్డ మేకు నుంచి తీసి నడుముకి కట్టుకుంటున్నాడు. అది ఆయన నడుముకి చాలలేదు. ముడి మూడుసార్లు జారింది.

ఆవిడ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఓనరు ఏమని పిలిచాడో, ఆవిడ ఏమని వచ్చిందో ఎవరికీ తెలియదు. వచ్చీ రావడంతోనే మేస్త్రి దగ్గరికెళ్ళి, "గన్ను ఎలా పట్టుకోవాలి?" అంది.

పాడైపోయిన పన్నెండింటినీ గరుకు కాగితంతో గీకి, వాటి మీదే నేర్పాడు. "మణికట్టు కాదు, మోచెయ్యి కదలాలి. ముక్క దాటాక గన్ను ఆపు, ముక్క మీద ఆపకు. మొదటి పొర కనపడీ కనపడనట్టుండాలి. అద్దం మీద ఊపిరి వదిలినట్టు." మొదటి రోజు రంగు కారింది. రెండో రోజు గరుకుగా పడింది. మూడో రోజు మేస్త్రి తప్పు చూపించడానికి వేలెత్తి, చూపించడానికేమీ లేక వేలు దించుకున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ ఓవెన్ నుంచి తీసినదాని మీద పెట్రోలు గుడ్డతో ఇరవైసార్లు రుద్దింది. గుడ్డకి రంగంటలేదు.

నాలుగో రోజు పడవలవాళ్ళ తాలూకు పెద్దాయన పని ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికొచ్చాడు. "ఆ ముక్కు మేస్త్రి ఏడీ? చూద్దామని వచ్చాను" అన్నాడు. ఓనరు ఒక్క క్షణం నీళ్ళు నమిలాడు. తర్వాత రంగు బల్ల వైపు చెయ్యి చూపించాడు.

కంప్రెసరు ఆగింది. సబ్బువదిన కళ్ళు మూసుకోలేదు. కార్బొరేటరు ఎత్తి, గదిలో గోడ వైపు ఎక్కడో చూస్తూ, పిండి నలిగిందో లేదో చూసే మనిషిలా వాసన చూసింది. పక్కన పెట్టింది. ఇంకోటి ఎత్తింది. ఇంకోటి. ఆరోదాన్ని రెండుసార్లు తిప్పింది. దాన్ని పట్టుకుని, పెద్దాయన ముందు నుంచే, తొట్టి దగ్గరికి నడిచింది.

"ఇది మళ్ళీ కడగాలి మేస్త్రీ. అడుగున ఉండిపోయింది."

ఇరవై రెండేళ్ళలో మేస్త్రి చేతిలోంచి వెళ్ళిన ముక్క ఏదీ వెనక్కి రాలేదు. ఫిట్టరు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. మేస్త్రి నురగలోంచి చెయ్యి తీసి ముక్కని అందుకున్నాడు.

"ఏ దారిలో?"

"గుడ్డిదారిలో."

తీగ దూర్చి తిప్పాడు. గాలి కొట్టాడు. గోధుమరంగు చుక్క ఒకటి బయటికొచ్చి ఆయన బొటనవేలి గోరు మీద ఆగింది. ఆయన దాన్ని చూశాడు. సబ్బునీళ్ళలో ముంచాడు, మంచినీళ్ళలో తీశాడు, మళ్ళీ గాలి కొట్టాడు. అలవాటుగా చెయ్యి ముఖం దాకా లేచింది. మధ్యలో ఆపి, ఆవిడ ముందుకి చాపాడు.

ఆవిడ వంగి వాసన చూసింది.

"ఇంకోసారి" అంది.

"ఊఁ" అని, ఆయన మళ్ళీ నీళ్ళలో ముంచాడు.